చదువును నడిపించు శక్తి

నెల్లూరు జిల్లా పడమటి భాగమున నున్న ఉదయగిరి పట్టణము చెంత మూడువేల అడుగులకు పైబడిన దుర్గపు కొండ నిలిచియున్నది. ఆ కొండమీది కోటను శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి, 1514వ సంవత్సరమున గజపతుల నుండి జయించెను. ఆ ఊరి పాఠశాలలో ఇద్దరు బాలురు ఈ పాఠమును చదువుచున్నారనుకొందము. మొదటివాడు, పరీక్షలో అడుగుదురేమోయని, ఆ సంవత్సరమును పదిమారులు వల్లించి కంఠస్థము చేసెను. రెండవవాడు కిటికీలోనుండి కొండను చూచి, "అంతటి సైన్యముగల రాయలకు ఈ కోటను పట్టుటకు అంతకాలమేల పట్టినది?" అని ఆలోచించెను. ఒక సెలవునాడు పెద్దలతో కొండయెక్కి, నిట్టనిలువు చరియలను, ఇరుకైన త్రోవలను చూచి, తన ప్రశ్నకు తానే సమాధానము కనుగొనెను. పరీక్షలో ఇరువురకును సమానముగనే మార్కులు వచ్చెను. ఆరు మాసములు గడచిన పిమ్మట మొదటివాడు సంవత్సరమును సైతము మరచెను. రెండవవాడు ముట్టడి కథను తన తమ్మునికి ఉత్సాహముతో చెప్పుచుండెను.

ఇరువురును చదివిన పాఠమొక్కటే; చెప్పిన గురువును ఒక్కరే. భేదము వారిని చదివించిన శక్తిలో నున్నది. మనస్సును ఒక పనికి పురికొల్పు శక్తిని ప్రేరణ మందురు. మార్కులు, బహుమానము, పొగడ్త, శిక్షాభయము మున్నగునవి వెలుపలినుండి పురికొల్పును గావున అవి బాహ్య ప్రేరణములు. తెలిసికొనవలెనను కోరిక, పని చేయుటలోని ఆనందము లోపలినుండి పుట్టును గావున అవి అంతఃప్రేరణములు.

బాహ్య ప్రేరణము నిష్ప్రయోజనమని తలంపరాదు. ఆకలిగొన్న బాలునికి అక్షరములు రుచింపవు. మన రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలలలో 2003వ సంవత్సరమున మధ్యాహ్న భోజనము ప్రారంభమయ్యెను. అన్నమునకై బడికి వచ్చిన పిల్లవాడు క్రమముగా కథలను, లెక్కలను ప్రేమింపవచ్చును. విద్యార్థి వేతనము పేదబాలికను చదువు మానకుండ నిలుపును. అయితే ఇవి బడి గుమ్మము వరకు తోడువచ్చును. లోపల నడువవలసినది విద్యార్థియే.

బహుమానమునకే అలవాటుపడినచో కలుగు నష్టమును కొందరు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన శిశుపాఠశాలలో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అను మువ్వురు చేసిన పరిశోధన 1973లో ప్రకటితమయ్యెను. రంగు కలములతో బొమ్మలు వేయుట ఆ శిశువులకు సహజముగనే ఇష్టము. వారిని మూడు జట్లుగా విభజించిరి. ఒక జట్టుతో, "బొమ్మ వేసినచో మీకు బంగారు ముద్రగల పత్రము బహుమతిగా నిత్తుము" అని ముందుగనే చెప్పిరి. రెండవ జట్టునకు ముందు చెప్పకయే, బొమ్మ వేసిన పిదప బహుమతి నిచ్చిరి. మూడవ జట్టునకు ఏమియు నీయలేదు. కొన్ని దినముల తరువాత బహుమతి ప్రస్తావన లేకుండ రంగు కలములను మరల బల్లలపై నుంచిరి. బహుమతి కొఱకు బొమ్మలు వేసిన శిశువులు తక్కిన రెండు జట్లవారు వేసిన కాలములో ఇంచుమించు సగము కాలమే బొమ్మలు వేసిరి. ఆటవలె నుండిన పని వారికి కూలిపనివలె మారినది. ముందు చెప్పకుండ ఇచ్చిన బహుమతి మాత్రము ఏ హానియు చేయలేదు. కావున దోషము బహుమతియందు కాదు, దానికొఱకే పని చేయుటయందున్నదని తేలుచున్నది.

అంతఃప్రేరణము ఎంతటి బలముగలదో తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. ఉదయగిరికి తూర్పున, ఆత్మకూరునకు ఉత్తరమున కలిగిరి మండలములో దూబగుంట అను గ్రామమున్నది. 1991వ సంవత్సరమున నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతోద్యమము 'అక్షరదీపము' పేర ప్రారంభమయ్యెను. పగలెల్ల కూలిపని చేసి అలసిన స్త్రీలు రాత్రివేళ దీపమువద్ద పలకలు పట్టి కూర్చుండిరి. మొదట వారిని పిలిచినది ప్రభుత్వము, స్వచ్ఛంద కార్యకర్తలు. అది బాహ్య ప్రేరణమే. కాని వారి వాచకములో 'సీతమ్మ కథ' అను పాఠముండెను. సారా వలన ఒక సంసారము చెడిన వృత్తాంతమది. చదివినవారికి, విన్నవారికి అది తమ యింటి కథయే యయ్యెను. భర్తల కూలిడబ్బు సారా అంగడి పాలగుచుండగా, పిల్లలు పస్తులుండుట వారెరుగనిది కాదు. అంతవరకు ఇతరులు చెప్పగా దిద్దిన అక్షరములు నాటినుండి వారి సొంతమయ్యెను. దూబగుంట స్త్రీలు ఏకమై తమ ఊర సారా అమ్మకమును నిలిపివేయించిరి. రోశమ్మ వారికి నాయకురాలయ్యెను. 1992లో ఈ ఉద్యమము జిల్లా అంతటను, పిమ్మట రాష్ట్రమంతటను వ్యాపించెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి ప్రభుత్వము రాష్ట్రమంతట సారాను నిషేధించెను. ఆ స్త్రీల కనుల ముందు ర్యాంకులు లేవు. ఉద్యోగమను ఆశయు లేదు. తమ బ్రతుకునకు అక్కరకు వచ్చు చదువు గనుకనే వారు దానిని విడువలేదు.

అంతఃప్రేరణము వృద్ధి పొందుటకు మూడు పరిస్థితులు కావలెనని ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయన్ అను శాస్త్రజ్ఞులు వివరించిరి. ఆ పని నేనుగా కోరి చేయుచున్నానను భావము మొదటిది. నేను దీనిని చేయగలనను నమ్మకము రెండవది. నన్నాదరించువారి నడుమ నున్నానను తృప్తి మూడవది. రాత్రిబడిలో కూర్చున్న స్త్రీలకు ఈ మూడును లభించినవి. వారు తమ యిష్టముతో వచ్చిరి. నేడొక మాటను, రేపొక వాక్యమును చదువగలిగిరి. ప్రక్కన కూర్చున్నవారు తమ కష్టమెరిగిన ఇరుగుపొరుగువారే.

ఈ పరిస్థితులను విద్యార్థి తనకు తానే కొంతవరకు కల్పించుకొనవచ్చును. ఆత్మకూరునకు సమీపమున సోమశిలవద్ద పెన్నానదిపై ఒక గొప్ప జలాశయమున్నది. దాని సామర్థ్యము 78 టి.యం.సి.లు. ఈ అంకెను వల్లించుట సులభము, మరచుట అంతకంటె సులభము. రైతుబిడ్డయైన ఒక బాలిక, "ఒక టి.యం.సి. నీటిని అడుగు లోతున పరచినచో ఎన్ని ఎకరములు నిండును?" అని తన్ను తాను ప్రశ్నించుకొన్నదనుకొందము. టి.యం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. ఎకరమునకు 43,560 చదరపుటడుగులు. భాగించి చూడగా ఇంచుమించు 23,000 ఎకరములు వచ్చును. ఆ బాలిక ఆ సాయంత్రము తండ్రికి ఈ లెక్క చెప్పును. ఆయన తమ పొలమునకు కావలసిన నీటిని గూర్చి మరియొక ప్రశ్న వేయును. అప్పుడు భాగహారము పుస్తకములో నుండక ఇంటిలోనికి వచ్చును.

పరీక్షలు ఉండకతప్పదు, మార్కులును కావలసినవే. కాని ప్రతి పాఠమును ముగించిన పిమ్మట విద్యార్థి, "దీనిని గూర్చి ఎవరును అడుగని ఏ ప్రశ్నకు నేను సమాధానము తెలిసికొనగోరుచున్నాను?" అని ఒక్కమారు ఆలోచింపవలెను. అట్టి ప్రశ్న ఒక్కటి దొరికినను, పరీక్ష ముగిసిన తరువాత కూడ ఆ పాఠము అతనిని విడువదు.