ముగ్గు పడని వాకిలి

సంక్రాంతికి సొంతూరు, ఎండాకాలం సెలవులకు అమ్మమ్మగారిల్లు, రెండేళ్లకోసారి మేడారం జాతర. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వీధుల్లో ఆ రోజుల్లో ఎటు చూసినా తాళాలే. ఏ ఇంట్లో మనుషులు లేరో కనిపెట్టడానికి దొంగ పెద్దగా కష్టపడక్కర్లేదు. పొద్దెక్కినా కళ్లాపి పడని వాకిలి, మొన్నటి ముగ్గు, గేటు కింద పోగుపడ్డ దినపత్రికలు చాలు. దొంగలకు భయపడి వరండాలో లైటు వేసి వెళ్లేవాళ్లు చాలామందే. పట్టపగలు కూడా అది వెలుగుతుంటే ఇల్లు ఖాళీ అని చాటింపు వేసినట్టే.

గడపకు ఆవల కనిపించే తాళంకప్ప కన్నా తలుపులో కలిసిపోయే లోపలి తాళం నయం. దానికన్నా నయం, పనిమనిషికి నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి రోజూ వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టమనడం. నగలు బీరువాలో కాదు, బ్యాంకు లాకర్లో ఉండాలి.

ఊరెళ్లేటప్పుడు స్టేషన్‌లో చెప్పి వెళ్లమని పోలీసులు పండగ పండక్కీ మొత్తుకుంటారు. వినేవాళ్లు తక్కువ. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2017లో ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే యాప్ తెచ్చారు. ఫలానా తేదీల్లో ఊళ్లో ఉండటం లేదని అందులో నమోదు చేస్తే, పోలీసులే వచ్చి ఉచితంగా కెమెరా బిగిస్తారు. లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కు కబురు వెళ్తుంది. యాప్ ఆంధ్రది; భద్రాచలం తెలంగాణలో ఉన్నా, దాని పొలిమేరలోనే ఉన్న ఎటపాక 2014లో ఆంధ్రలో కలిసింది. కూతవేటు దూరంలో ఉన్న రెండిళ్లకు ఇక్కడ వేర్వేరు రాష్ట్రాల పోలీసులు!

ఈ ప్రాంతంలో వానాకాలం తాళం వేసి వెళ్లేవాళ్లకు దొంగ కన్నా ఏటి భయమే ఎక్కువ. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో అది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. అయినా గోదావరి ఎగువ నుంచి కబురు పెట్టి మరీ వస్తుంది. ఖమ్మాన్ని ఆనుకుని పారే మున్నేరు అలా కాదు. 2024 సెప్టెంబరు 1న అది ఉప్పొంగితే కాలనీల్లో జనం కట్టుబట్టలతో డాబాలెక్కారు. అలాంటి పూట తాళం వేసిన ఇంట్లో మెయిన్ ఆపేదెవరు, పిల్లల సర్టిఫికెట్లు అటక మీద పెట్టేదెవరు? అందుకే నమ్మకమైన పక్కింటివాళ్లకు ఒక తాళంచెవి ఇచ్చి వెళ్లాలి. వెళ్లేముందే గ్యాస్ కట్టేసి, కాగితాలు ఎత్తులో పెడితే వాళ్లకూ పని తగ్గుతుంది.

బీమా ఉందిగా అనుకునేవాళ్లు కాగితం ఒకసారి చదవాలి. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో వరద నష్టానికి పరిహారం ఉంది. దొంగతనానికి మాత్రం, వరదో అగ్నిప్రమాదమో జరిగి, దానివల్ల ఏడు రోజుల్లోపు సొత్తు పోతేనే వర్తిస్తుంది. మామూలు రోజుల్లో తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే పైసా రాదు; దానికి వేరే పాలసీ తీసుకోవాలి.