గొట్టపు పంకాతో నెగురు బొమ్మ విమానములు



2024వ సంవత్సరము మార్చి 18వ తేదీన అద్దంకి ప్రాంతమున కొరిశపాడు, రేణంగివరముల నడుమ జాతీయ రహదారిపై భారత వైమానికదళమువారు విమానములను పరీక్షించిరి. ఏ.ఎన్.-32 అను రవాణా విమానము రోడ్డుపై దిగి మరల లేచెను. సుఖోయి, హాక్ జెట్లు మాత్రము దిగక, నేలకు మిక్కిలి చేరువగా వచ్చి పైకి పోయినవి. అట్టి జెట్టునే కొలతప్రకారము బొమ్మగా చేసి ఎగురవేయు యువకులు కలరు. మీ ఊరి కుఱ్ఱవాడొకడు వచ్చి, పత్తికట్టె పీకిన చేను ఒక సాయంకాలమునకు అడిగెననుకొనుడు. ఈయవచ్చునో కూడదో తేల్చవలసినవారు మీరే.

ఈ బొమ్మలో కిరసనాయిలు లేదు, మంట లేదు. పొట్టలో నొక గొట్టము, అందులో 70 మిల్లీమీటర్ల అడ్డుకొలతగల చిన్న పంకా. విద్యుత్ మోటారు దానిని నిమిషమునకు 40 వేల చుట్ల దరిదాపున త్రిప్పును. జిన్నింగు మిల్లులో పంకా గొట్టముగుండ పత్తిని లాగుట మీరు చూచియుందురు. ఇదియు నట్లే ముందునుండి గాలిని పీల్చి వెనుకకు చిమ్మును. ఆ చిమ్ముటవలన విమానము ముందునకు సాగును. పీల్చుటలో దానికి మంచిచెడ్డలు లేవు. కల్లములోని మిరపతొడిమయైనను, ఇసుకరేణువైనను నోటబడినచో పంకాకు చేటే. నడుపువాని చేతిపెట్టెనుండి పోవు ఆజ్ఞలు, మీరిప్పుడు నా మాట వినుచున్న రేడియో తరంగముల జాతివే.

ఇక కొలతల సంగతి. హాక్ పొడవు సుమారు 12½ మీటర్లు. పండ్రెండవ వంతునకు తగ్గించినచో మీటరు పైచిలుకు బొమ్మయగును. పొడవు పండ్రెండవ వంతైనను, ఱెక్క వైశాల్యము 144వ వంతు, ఘనపరిమాణము 1,728వ వంతు అగును. వట్టి హాక్ బరువు సుమారు నాలుగున్నర టన్నులు. ఆ లెక్కన బొమ్మ 2.6 కిలోగ్రాములు తూగవలెను. అనగా ఱెక్కపై చదరపు అడుగునకు పడు బరువు పండ్రెండవ వంతే. గాలి మోయుబలము వేగముయొక్క వర్గమునుబట్టి యుండును గనుక, వేగము మూడున్నరవ వంతు చాలును. నిజమైన హాక్ గంటకు 200 కిలోమీటర్లకు పైబడి దిగును. బొమ్మ 60 కిలోమీటర్ల వేగమున దిగును. అది తక్కువ వేగమని తలపకుడు. రోడ్డుమీద పోవు మోటారుసైకిలు వేగమది!

ముందు పంకాగల విమానమునందు ఆ గాలి తోకమీద కొట్టుచుండును. మెల్లగా పోవునప్పుడును తోక మాట వినును. గొట్టపు పంకా గాలి తోకను తాకక వెనుకకే పోవును. వేగము తగ్గినచో బొమ్మ నేలకు దిగబడును. పంకా వేగమెత్తుటకు మరికొంత కాలము పట్టును. బీటలువారిన నల్లరేగడిలో చక్రములు నిలువవు గనుక మన చేలలో చేతితో విసరి, పొట్టమీద దింపుదురు.

మా మేనల్లుని బొమ్మ యొకటి ఇట్లే మిరపచేనిలో కూలెను. వాడు విఱిగిన ఱెక్కకు విచారించెనే కాని, సొట్టపడిన లిథియం బ్యాటరీని లెక్కింపక పత్తి నిలువజేసిన వసారాలో పెట్టెను. గంట గడువకమునుపే అది పొగలుక్రక్కి మండెను. మెలకువతోనున్న మా అక్క పారతో దానిని వాకిటికి నెట్టినందున పత్తి దక్కినది. ఆ సంవత్సరపు అప్పంతయు ఆ పత్తిపైననే యుండెను.

కావున చేను అడుగవచ్చినవానిని ముందు బ్యాటరీ గూర్చి అడుగుడు. ఉబ్బినదానిని, పడినదానిని మరల చార్జిచేయరాదు. చార్జి చేయునప్పుడు మనిషి ప్రక్కన నుండవలెను, పత్తి, చొప్ప, మిరప దూరముగా నుండవలెను, ఇసుకబాల్చీ దగ్గరనుండవలెను. 2021వ సంవత్సరపు డ్రోన్ నిబంధనలప్రకారము ఇట్టి వినోదపు విమానము 25 కిలోగ్రాములలోపుది కావలెను, నడుపువాని కంటికి కనబడుచుండవలెను. విద్యుత్ తీగలున్న చేను వలదు. కూలీలు కాయకోయుచున్న దినము వలదు. ఒకమారు ఎగురుట నాలుగైదు నిమిషములే గనుక, మీరును గట్టుమీద నిలిచి చూడవచ్చును.