ఒక కళాశాల - ఒకే ముఖం

మా నాయిన చదువుకోలేదు. అయినా విత్తనాల సంచి కొనేటప్పుడు ఆయనను మోసం చెయ్యడం కష్టం. ముందుగా సంచికి కుట్టిన చీటీ రంగు చూస్తడు. నీలం అయితే ధ్రువీకరించిన విత్తనం, తెలుపు అయితే ఫౌండేషన్ విత్తనం, బంగారు పసుపు అయితే బ్రీడరు విత్తనం. ఏ జిల్లాలో అమ్మినా ఆ రంగులు మారవు. అందుకే అక్షరం రాని రైతు కూడా వాటిని గుర్తుపట్టగలడు.

ఈ ముచ్చట సావనీరులో ఎందుకంటారా? పోయిన ఏడు సెలవుల్లో ట్రైనింగు కోసం పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీకి పోయాను. బోనఫైడ్ మీద దీపం ముద్ర, పరిచయ ఉత్తరం మీద పుస్తకం ముద్ర, గుర్తింపు కార్డు మీద రెండూ కలిసిన ఇంకో ముద్ర. కళాశాల పేరు కూడా మూడు తీర్ల రాసి ఉంది. అక్కడి గుమాస్తా మూడింటినీ టేబుల్ మీద పరిచి, "ఏం తమ్మీ, మీది ఒక కాలేజా, మూడు కాలేజీలా?" అన్నాడు. కాగితాలన్నీ నిజమైనవే. మళ్లీ సరిచేయించుకొని పోయేసరికి ఆ చోటు వేరేవాళ్లకు పోయింది.

చాలామంది గుర్తింపు అంటే చిహ్నం ఒక్కటే అనుకుంటారు. కాదు. చిహ్నం, రంగు, అక్షరాల తీరు, వాటిని ఎక్కడ ఎంత సైజులో వాడాలన్న నియమం, ఈ నాలుగూ కలిస్తేనే ముఖం అవుతుంది.

ఇందుకు మనకు దగ్గర్లో ఉన్న పెద్ద ఉదాహరణ ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల. (అక్కడ ఆర్ట్స్ అంటే బొమ్మలు గీయడం కాదు, చరిత్ర, భాషలు వగైరా. మా ఊళ్లో ఇప్పటికీ ఈ తికమక ఉంది.) 1918లో విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దానికి సొంత భవనమే లేదు. తరువాత జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. కైరో పక్కన హీలియోపోలిస్‌లో పెద్ద హోటలు కట్టిన బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ చేత నమూనా గీయించారు. 1934లో శంకుస్థాపన, 1939 డిసెంబరు 4న ప్రారంభం. స్తంభాలు చూస్తే అజంతా, ఎల్లోరా గుర్తుకొస్తాయి. కమానులు చూస్తే గోల్కొండ సుల్తానుల కట్టడాలు. ఇన్ని కలిపితే కిచిడీ కావాలి గదా! కాలేదు. ఎందుకంటే రాయి అంతా ఒకే గులాబీ వన్నె గ్రానైటు, నడుమ ఒకే పెద్ద ద్వారం, దానికి ఎడమా కుడీ సరిసమానం. చిన్న పిల్లవాడు కూడా నాలుగు గీతల్లో వేసి చూపగలడు. విశ్వవిద్యాలయం చిహ్నం కాలంతోపాటు మారింది గాని ఈ ముఖం మారలేదు.

భవనం లేనివారి సంగతేమిటి? స్టేట్ బ్యాంకును చూడండి. 1971లో అహమ్మదాబాదు జాతీయ డిజైన్ సంస్థకు చెందిన శేఖర్ కామత్ గీసిన నీలి గుండ్రం, అందులో తాళపు రంధ్రంలాంటి కోత. అంతే. పంట అప్పుకు పోయే మా నాయిన బస్సులోంచే దాన్ని చూసి దిగుతడు.

ఇక మన సంగతి. సైన్సు విద్యార్థిగా ఒక మాట చెప్పాలి. ఒకే నీలం సిరా నున్నటి కాగితం మీద ఒక తీరుగా, గరుకు కాగితం మీద ఇంకో తీరుగా కనిపిస్తుంది. గరుకు కాగితం సిరాను పీల్చుకుంటుంది, వన్నె తగ్గుతుంది. కాబట్టి "నీలం" అని నోటిమాటగా చెబితే చాలదు, అచ్చువేసిన నమూనా ముక్క ప్రెస్సువారి చేతికివ్వాలి. జిరాక్సులో రంగే ఉండదు. అందుకని చిహ్నం నలుపు తెలుపుల్లోనూ నిలవాలి. రూపాయి బిళ్లంత చేసినా గీతలు అలుక్కుపోవద్దు. మన దీపం చుట్టూ ఉన్న వరికంకులు ఆ సైజులో గొంగళిపురుగుల్లా ఉంటాయి, ఏమనుకోకండి.

దీనికి లక్షలు అక్కర్లేదు. కందిలోని ఐ.ఐ.టి.లో డిజైన్ విభాగం ఉంది. యూనియన్ తరఫున పోయి సలహా అడగవచ్చు. అంతకంటే ముందు మన ఆఫీసులో, లైబ్రరీలో, హాస్టల్లో ఉన్న రబ్బరు ముద్రలన్నీ ఒకే తెల్లకాగితం మీద వేసి నోటీసు బోర్డుకు అంటిద్దాం. నేను మొదలుపెట్టాను. ఇప్పటికి ఏడు దొరికాయి.