ఊళ్ళో ఇల్లుండగా హోటలేమిటి?

ఈ మాట మా అత్తయ్యగారిది. ఆవిడ అనకపోతే మీరైనా అంటారని ముందే పైన పెట్టేశాను.

విజయవాడ నుంచి హైదరాబాద్ ఎన్నిసార్లు వెళ్ళావని అడిగితే నాకు రెండు చేతుల వేళ్ళూ చాలవు. వదినావాళ్ళ గృహప్రవేశం, వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షన్, మామయ్యగారి కంటి ఆపరేషన్, మావాడి స్కూలు పోటీలు... ప్రతిసారీ ఏదో ఒక పని, అదీ ఎవరిదో ఒకరి పని. చార్మినార్‌ని ఆటోలోంచి చూశాను. సాలార్‌జంగ్ మ్యూజియం తొమ్మిదో తరగతి విహారయాత్రలో చూశాననే చెప్పుకుంటాను గానీ, "లైన్లో నడవండి" అన్న టీచరు కేక, నా ముందు నడిచిన అమ్మాయి రెండు జడలు తప్ప ఇంకేమీ గుర్తులేవు.

మా వదిన సంగతి ఇంకా విడ్డూరం. మావారి అక్కయ్య ఆవిడ. పద్దెనిమిదేళ్ళుగా కూకట్‌పల్లిలో కాపురం. "చుట్టాలొస్తే మీ అన్నయ్యగారు తీసుకెళ్ళి అన్నీ చూపిస్తారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి నేను వంట చేసి ఉంచొద్దూ?" అంది ఒకరోజు ఫోన్లో, నవ్వుతూనే. ఆ నవ్వు నాకు రెండు రోజులు చెవిలో గింగురుమంది. ఆ చుట్టాల్లో నేనూ ఉన్నాను మరి!

అప్పుడే అనుకున్నాను. ఒక శనాదివారాలు వదినా, నేనూ, అత్తయ్యగారూ కలిసి ఊరు చూడాలి. అయితే వదినా వాళ్ళింట్లో దిగకూడదు. అక్కడ దిగితే పొద్దున కాఫీ ఆవిడే పెట్టాలి, రాత్రి పెరుగూ ఆవిడే తోడెయ్యాలి. నేనెళ్ళి సాయం చేస్తే ఇద్దరం చాకిరీ చేసినట్టవుతుంది తప్ప సెలవు ఎవరికీ కాదు. కాబట్టి హోటల్లో గది!

"ఊళ్ళో ఇల్లుండగా హోటలేమిటే? నలుగురూ నవ్విపోరూ?" అన్నారు అత్తయ్యగారు. మావారైతే "అక్కతో గొడవ పడ్డావా ఏమిటి?" అని అడిగారు. ఖర్చు మాటకొస్తే, నా కథలకొచ్చిన పారితోషికాలు కూడబెట్టినవి కొంత, వదిన చీటీ డబ్బు కొంత. అత్తయ్యగారు మామయ్యగారి పెన్షన్‌లోంచి తన వంతు తానే ఇస్తానన్నారు. ఎవర్నీ చెయ్యి చాచి అడగక్కర్లేదు గనక ఇక ఎవరూ మాట్లాడలేదు.

ఒక సాయంత్రం కాగితం, పెన్నూ పట్టుకుని కూర్చున్నాను. మీరూ ఎప్పుడైనా కూర్చుంటే మొదట రాసుకోవలసింది శుక్రవారం. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం, మూడింటికీ శుక్రవారమే సెలవు. రెండోది, అన్నీ చూసెయ్యాలన్న ఆశ వదులుకోవడం. నేను మొదట పురానీ హవేలీ కూడా రాసి, తర్వాత కొట్టేశాను. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా అక్కడే ఉంది. బీరువా అంటే మన ఇంట్లో ఉండేలాంటిది కాదు, రెండంతస్తుల పొడవాటి వరండా అంత! ఒకసారి తొడిగిన బట్ట ఆయన మళ్ళీ తొడిగేవాడు కాదని చెప్తారు. మూడు రోజుల ఉతుకు పోగుపడితేనే గుండె గుభేలుమనే మనలాంటివాళ్ళు అది చూడకపోవడమే మంచిదనిపించింది.

మూడోది తిండి. అత్తయ్యగారికి శనివారం ఒంటిపూట, రాత్రి టిఫినే. కాబట్టి శనివారం ఇడ్లీ, ఆదివారం బిర్యానీ అని రాసుకున్నాను. గంటల కన్నా ముందు ఉపవాసాలు రాసుకుంటే ప్రయాణం సాఫీగా సాగుతుంది.

అసలు చిక్కంతా గది దగ్గర వచ్చింది. నేను ఫోన్ చేసిన మొదటి హోటల్ వాళ్ళు "జెంట్స్ ఎవరూ రావట్లేదా మేడమ్?" అన్నారు. రెండో చోట వదిన ఆధార్ మీద హైదరాబాద్ చిరునామా ఉందని "లోకల్ వాళ్ళకి ఇవ్వం" అనేశారు. అదేం చట్టం కాదు, కొన్ని హోటళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. సొంత ఊళ్ళో ఆడది ఒక రాత్రి బయట ఉంటానంటే ఎన్ని అనుమానాలో చూడండి! మూడో చోట, అబిడ్స్‌లో, ఒక ఆడమనిషి ఫోనెత్తి, "ముగ్గురి కార్డులూ తెచ్చుకోండమ్మా, చాలు" అంది. మీరు మాత్రం డబ్బు కట్టకముందే ఈ రెండు సంగతులూ అడిగి తేల్చుకోండి.

శనివారం పొద్దుటి రైల్లో దిగాం. వదిన చిన్న బ్యాగుతో స్టేషన్ బయట నిలబడి ఉంది, కొత్తగా హాస్టల్లో చేరే పిల్లలా. సిటీ బస్సులో తనకు జీరో టికెట్టు, మాకు డబ్బుల టికెట్టు. తెలంగాణలో ఆడవాళ్ళకు 2023 డిసెంబరు నుంచి ఉచితం గదా, అది ఈ రాష్ట్రం కార్డున్నవాళ్ళకే. "చూశావా, కూకట్‌పల్లి కాపురం ఒక్కందుకు పనికొచ్చింది" అంది వదిన.

గదిలో సామాను పడేసి, భోంచేసి చౌమహల్లాకు వెళ్ళాం. ఖిల్వత్ దర్బారు హాల్లో పందొమ్మిది బెల్జియం షాండ్లియర్లు వేలాడుతుంటాయి. అందరూ తలలెత్తి ఫోటోలు తీస్తుంటే అత్తయ్యగారు చాలాసేపు చూసి, "ఇవన్నీ దించి తుడిచేదెవరే?" అన్నారు. నా డిగ్రీలో చదివిన నిజాం చరిత్ర అంతా కలిపినా ఆ ప్రశ్న లేదు.

అక్కడి నుంచి లాడ్‌బజార్ నడిచేంత దూరమే. సాయంత్రం దీపాలు పెట్టాక వెళ్ళాలి, రాళ్ళు పొదిగిన లక్కగాజులు అప్పుడే మెరుస్తాయి. లక్కని నిప్పుల సెగకు మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి మీదుండగానే ఒక్కొక్క రాయీ అద్దుతారు. 2024లో వీటికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. వదినా నేనూ బేరాల్లో మునిగి చూసుకోలేదు. అత్తయ్యగారు కొట్టు మెట్ల దగ్గరే ఆగిపోయారు. మామయ్యగారు పోయి మూడేళ్ళయింది. అప్పటి నుంచీ ఆవిడ చేతికి ఒక్క సన్నటి బంగారు గాజే. గాజుల కొట్టు కనిపిస్తే ఆవిడే పక్కకు తప్పుకుంటారు, మేమెవరం తప్పుకోమనలేదు. రమ్మని కూడా అనలేదు.

"అమ్మా, ఇవి గాజువి కావు, లక్కవి" అంది వదిన. ఆ వాదం ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. కొట్టతనికి మా సంగతి ఏం తెలుసు? "చెయ్యి ఇట్ల పెట్టండమ్మా" అని కొలత చూసి, "రెండు ఆరు" అన్నాడు. ఆకుపచ్చవి తీయబోతుంటే అత్తయ్యగారు ఆపారు. నా గుండె ఆగినంత పనైంది. "అవి కాదు, ఆ తేనెరంగువి" అన్నారు ఆవిడ, మా ఇద్దరి వంకా చూడకుండా.

రాత్రి పది దాటినా మేం చార్మినార్ దగ్గరే ఉన్నాం. 1591 నాటి కట్టడం, దీపాల వెలుగులో పగటి కన్నా ఎత్తుగా కనిపిస్తుంది. చుట్టూ జనం, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, బొమ్మల బళ్ళు. నైట్ లైఫ్ అంటే పబ్బులేనని సినిమాలు చూసి అనుకుంటాం. పాతబస్తీలో అదొక కప్పు టీ. ఇరానీ టీకి పాలు విడిగా చిక్కబడేదాకా మరిగిస్తారు, డికాషన్ విడిగా మూత బిగించి సన్నసెగ మీద ఉంచుతారు, కప్పులో పోసేటప్పుడే రెండూ కలుస్తాయి. ఉస్మానియా బిస్కెట్టు ముంచుకుని తిన్నాం. బయట కాఫీ కూడా ముట్టని అత్తయ్యగారు సగం తాగి, "పాలు ఎంతసేపు కాస్తారో కనుక్కో" అని నన్ను కౌంటరు దగ్గరికి పంపారు.

భయం వేయలేదా అంటే, జనం ఉన్నంతసేపూ వేయలేదు. 2014 నుంచీ షీ టీమ్స్ ఉన్నాయన్న ధైర్యం ఒకటి. అయినా చీకటి సందుల జోలికి పోలేదు, హోటల్‌కు తిరిగి వెళ్ళే బండి కౌంటరు దగ్గర నిలబడే ఫోన్లో పిలుచుకున్నాం. ధైర్యం వేరు, తెలివితక్కువతనం వేరు గదా. ఆటోలో వదిన మెల్లగా, "ఈ టైములో నేను ఈ ఊళ్ళో రెండుసార్లు బయటున్నాను. రెండుసార్లూ ఆసుపత్రికే" అంది.

ఆదివారం పదింటికల్లా సాలార్‌జంగ్. పెళ్ళి చేసుకోని, వారసులు లేని మూడో సాలార్‌జంగ్ 1949లో పోతే, ఆయన కూడబెట్టిన వస్తువులు 1951లో మ్యూజియం అయ్యాయి. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. మేలిముసుగు రెబెకా దగ్గర అందరూ ఆగుతారు. రాతిలో తడిబట్టలాంటి ముసుగు చెక్కడం అబ్బురమే. నన్ను పట్టి నిలబెట్టింది మాత్రం ఇంకో చెక్క బొమ్మ. ఒకే మొద్దులో ముందువైపు ఠీవిగా నిలబడ్డ మెఫిస్టోఫిలీస్, వెనకవైపు తలవంచుకున్న మార్గరెట్. ఎదురుగా వచ్చినవాళ్ళకు ఆమె కనబడాలంటే వెనకాల అద్దం పెట్టాల్సి వచ్చింది. వదిన ఆ అద్దంలోకి చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు.

పన్నెండింటికి ముందే సంగీత గడియారం దగ్గర కుర్చీలు పట్టుకోవాలి, ఎక్కువ గంటలు వినాలంటే ఆ వేళకే రావాలి. బుల్లి మనిషి బయటికొచ్చి పన్నెండు కొట్టి లోపలికి పోయాడు. సరిగ్గా పదో గంటకు మావారి ఫోన్. పోపులపెట్టె ఎక్కడుందని! అత్తయ్యగారు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "గంటలు వింటున్నాం, తర్వాత మాట్లాడు" అని పెట్టేశారు. తేనెరంగు గాజులు చిన్నగా చప్పుడయ్యాయి.

బిర్యానీ గురించి చెప్పడానికేమీ లేదు, అందరికీ తెలిసిందే. ఇద్దరికి చెప్పింది ముగ్గురికి సరిపోయింది, అంతే.

రైలు కదలబోతుంటే వదిన కిటికీ దగ్గరికొచ్చింది. "వచ్చే నెల నేనొస్తాను. మీ బాపు మ్యూజియం ఏ రోజు మూస్తారో కనుక్కుని ఉంచు" అంది.

నేను బిక్కమొహం వేశాను. పదిహేనేళ్ళుగా విజయవాడలో ఉంటున్నాను. ఆ గేటు ముందు నుంచి ఎన్నిసార్లు కూరగాయల సంచీతో నడిచానో!

"హోటల్ గది కూడా చూడు. మీ ఇంట్లో మాత్రం దిగను" అంది వదిన.