చీనీ చెట్టుకు ఎన్ని లీటర్లు?

అనంతపురము సీమలో చీనీ తోటను సాకుట బిడ్డను సాకుటయే. నాటిన నాలుగైదేండ్లకు గాని కాపు చేతికి రాదు. ఆ నడుమ బోరు ఎండినచో పెట్టిన సొమ్మేగాక గడచిన యేండ్లును మరల రావు. ఈ భయముచేతనే పలువురు కరెంటు ఉన్నంతసేపు మోటారు నడుపుదురు. చెట్టు కోరు నీరెంత, మనము పెట్టు నీరెంత అను లెక్కకు నేడు ఉపగ్రహములు తోడ్పడుచున్నవి.

ఉపగ్రహ చిత్రమున మనము చూచునది ఆకును. పచ్చని ఆకు ఎండలోని ఎఱ్ఱని వెలుగును ఆహారము తయారు చేసికొనుటకు గ్రహించును. కంటికి కానరాని పరారుణ కాంతిని చాలవరకు వెనుకకు పంపును. ఈ రెండింటి తేడానుబట్టి తోటలో ఆకు ఎంత మేర నేలను కప్పినదో తెలియును. ఐరోపావారి సెంటినెల్-2 ఉపగ్రహములలో మొదటిది 2015లో, రెండవది 2017లో ఎగసినవి. ఇట్టి జంట అయిదు దినముల కొకసారి, పది మీటర్ల గడులుగా పంపు చిత్రములు ఉచితముగా లభించుచున్నవి.

ఇక వాతావరణము సంగతి. ఎండ, వేడిమి, గాలి, తేమలనుబట్టి పచ్చికబయలు దినమునకు కోల్పోవు నీటిని శాస్త్రజ్ఞులు లెక్కింతురు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1998లో ప్రకటించిన పట్టిక ప్రకారము, సగము నేలను కప్పిన నిమ్మజాతి తోటకు నడికాలమున అందులో నూటికి 60 పాళ్లు చాలును. వేసవిలో పచ్చిక 6 మిల్లీమీటర్లు కోల్పోవు ననుకొందము, తోటకు 3.6 కావలయును. ఆరు మీటర్ల ఎడమున నాటిన చెట్టు వంతు 36 చదరపు మీటర్లు. చదరపు మీటరుపై మిల్లీమీటరనగా ఒక లీటరు. కావున చెట్టుకు దినమునకు సుమారు 130 లీటర్లు. డ్రిప్పు గంటకెన్ని లీటర్లు వదలునో ఎఱిగిన రైతు మోటారు వేళను తానే నిర్ణయించుకొనగలడు.

అయితే మబ్బు పట్టినచో తోట కానరాదు. వరుసల నడుమ పెరిగిన గడ్డియు చెట్టు ఆకుగానే లెక్కకు వచ్చును. నీరు చాలక అప్పుడప్పుడే వాడుచున్న చెట్టు చిత్రములో పచ్చగానే తోచవచ్చును. కావున పిడికెడు మట్టి తీసి తడి చూచు అలవాటు మానరాదు.

మఱియొక మాట. ఒకరు మిగిల్చిన నీటిని ప్రక్కబోరు లాగుకొనవచ్చును. ఉపగ్రహమునకు గట్లు లేవు. ఊరి తోటలన్నియు ఒక్క చిత్రములోనే ఉండును. ఈ లెక్కను ఊరివారందఱు కలిసి వేసికొన్ననే బోర్లలో నీరు మిగులును.