మురుగుమడ్డి కంపోస్టు – నేలనుండి లేచు వాయువులు

పట్టణపు మురుగునీటిని శుద్ధిచేయగా నడుగున మిగులు మడ్డిని, చెత్తతోను పొట్టుతోను కలిపి మ్రగ్గబెట్టిన యెరువే మురుగుమడ్డి కంపోస్టు. లేపాక్షి, హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల యెఱ్ఱనేలలు సారము తక్కువైనవి; వానలును స్వల్పము. ఇట్టి నేలలకు సేంద్రియ పదార్థము మిక్కిలి మేలుచేయును. అయినను ఈ యెరువు వేసిన చేనినుండి కంటికి గానరాని వాయువులు కొన్ని వెడలుచుండును. వాని సంగతి యెఱిగి వాడుకొనుట యుక్తము.

పట్టణపు మలినమును ఎరువుగా మార్చుట మనకు క్రొత్తగాదు. పొరుగుననున్న బెంగుళూరులో, ఇండియన్ సైన్సు ఇన్‌స్టిట్యూటునందు, సి. ఎన్. ఆచార్యగారు 1939 ప్రాంతమున చెత్తను మలముతో పొరలుగా గోతులలో నింపి మ్రగ్గబెట్టు విధానమును రూపొందించిరి. అదియే బెంగుళూరు పద్ధతి. అంతకు ముందు హోవర్డుగారు ఇండోరులో కుప్పలను తిరుగవేసి గాలి తగిలించు పద్ధతిని నెలకొల్పిరి.

ఏ వాయువులు?

గాలి సోకని కుప్పలో మీథేను పుట్టును. నేలలోని సూక్ష్మజీవులు ఎరువులోని నత్రజనిని మార్చునపుడు నైట్రస్ ఆక్సైడు పుట్టును. నూఱేండ్ల లెక్కలో ఇది బొగ్గుపులుసు వాయువుకంటె 273 రెట్లు పుడమిని వేడెక్కించును. వేసవిలో ఎండిన నేలపై తొలకరి పడగానే సూక్ష్మజీవులు ఒక్కుమ్మడిగా మేల్కొనుటచే ఆ దినములలో ఈ వాయువు హెచ్చుగా లేచును. నీరు నిలిచిన పల్లపు మడులలోను దీని భయము కలదు.

2019 నాటి ఐ.పి.సి.సి. లెక్కనుబట్టి మెట్టప్రాంతములలో, వేసిన నత్రజనిలో నూటికి అరపాలు ఈ రూపమున పోవును. నత్రజని నూటికి 1 పాలు గల కంపోస్టును ఎకరమునకు 2 టన్నులు వేసితిమనుకొందము. అందలి 20 కిలోల నత్రజనిలో 100 గ్రాములు పోవును. అది సుమారు 43 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానము. ఒక చేనికిది స్వల్పమే. వేలాది యెకరములకు స్వల్పముగాదు. అమోనియాగా ఎగిరిపోవు నత్రజని యీ లెక్కకు వేఱు. అది నేరుగా రైతు సంచిలోని సొమ్మే.

చేయవలసినది

బాగుగ మ్రగ్గిన యెరువునే కొనుడు. దుర్గంధమును వేడియు తగ్గనిది పచ్చియెరువు. తెచ్చినదానిని ఎండలో పఱచి విడువక, విత్తుటకు ముందు దున్ని మట్టిలో కలుపుడు. కంపోస్టు వేసిన మేరకు యూరియాను తగ్గింపుడు. వేరుసెనగ తన వేళ్ల బుడిపెలద్వారా నత్రజనిని గాలినుండి గ్రహించును గనుక, ఈ యెరువును మల్బరికిని రాగికిని ముందుగా వినియోగించుట లాభము. పచ్చిగా తిను కూరగాయలకు వేయరాదు.

వాయువుకంటె పెద్ద చిక్కు లోహములది. అద్దకపు నీరు, కార్ఖానాల నీరు మురుగులో కలిసినయెడల సీసము, కాడ్మియము మడ్డిలో చేరవచ్చును. వాయువు గాలిలో కలియును. లోహము మాత్రము తరతరములు నేలలోనే నిలుచును. ప్రభుత్వపు ఎరువుల నియంత్రణ ఉత్తరువు పట్టణపు కంపోస్టులో కిలోకు సీసము 100 మిల్లీగ్రాములు, కాడ్మియము 5 మిల్లీగ్రాములు మించరాదని విధించినది.

ఒంటరి రైతు పరీక్షాపత్రమును అడిగి సాధించుట కష్టము. సంఘము మొత్తముగా కొనునపుడు, పరీక్షాపత్రము చూపనిదే బండి దింపనీయమని నియమము చేసికొనవచ్చును. మడ్డిని గుట్టలుగా పాఱబోసి కుళ్లనిచ్చుటకంటె, చక్కగ మ్రగ్గబెట్టి మితముగా నేలకు చేర్చుటయే ఊరికిని చేనికిని శ్రేయస్కరము.