ఇంటి ఆఫీసుకి ప్రింటరు కొంటున్నారా?

కోనసీమలో ఇప్పుడు చాలా ఇళ్లలో వంటగది పక్కగదే ఆఫీసు. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టేవారికీ, బండారులంకలో చేనేత చీరలు అమ్మేవారికీ, అంబాజీపేటలో కొబ్బరి లెక్కలు రాసేవారికీ ఒక కంప్యూటరూ, ఒక ప్రింటరూ తప్పనిసరి అవుతున్నాయి. కొనేది మగవారైనా, రోజూ దుమ్ము తుడిచి, కాగితం పెట్టి, బిల్లు తీసేది చాలాచోట్ల మనమే. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు వచ్చిన సరుక్కి డబ్బా మీద అక్షరం కూడా నిలవాలి కదండీ! తయారుచేసినవారి చిరునామా, పదార్థాలు, బరువు, తయారైన తేదీ, ఎప్పటిలోగా తినాలో, ఆహార భద్రతా శాఖవారి 14 అంకెల నంబరు అన్నీ స్పష్టంగా కనిపించాలి. నెయ్యి చెయ్యి తగిలి తేదీ అలికిపోయిందా, సరుకెంత తాజాదైనా కొన్నవారికి అనుమానమే. దుకాణంవాళ్లు తిప్పి పంపితే ఆ నష్టం మన కష్టంలోంచే పోతుంది.

ఏ రకం ఎవరికి?

డాట్ మ్యాట్రిక్స్: సన్నని పిన్నులు రిబ్బను మీద కొట్టి అక్షరం వేస్తాయి. చప్పుడు ఎక్కువ. కానీ కార్బను కాపీలతో ఒకేసారి రెండు మూడు బిల్లులు కావాలంటే ఇదే పనికొస్తుంది.

ఇంక్‌జెట్: వెంట్రుక కంటే సన్నని రంధ్రాల్లోంచి సిరా చిమ్ముతుంది. రంగులు బాగుంటాయి. వారాల తరబడి వాడకపోతే సిరా ఎండి రంధ్రాలు మూసుకుపోతాయి. అందుకని వారానికొకసారైనా ఒక రంగుల పేజీ తియ్యాలి. తడి తగిలితే చెదిరే సిరాలు కూడా ఉన్నాయి, చూసుకోండి. సీసాతో సిరా పోసుకునే ట్యాంకు రకానికి ధర ఎక్కువైనా, పేజీకయ్యే ఖర్చు తక్కువ.

లేజర్: టోనరు అనే పొడిని వేడితో కాగితానికి కరిగించి అంటిస్తుంది. అందుకే నీటికి అలికిపోదు. నెల రోజులు వాడకపోయినా ఎండేది లేదు. బిల్లులకీ, నలుపు అక్షరాల లేబుళ్లకీ ఇది మేలు.

ఈ పొడి అచ్చుకి మూలపురుషుడు అమెరికాకు చెందిన చెస్టర్ కార్ల్‌సన్. ఆయన మొదటి ప్రయోగాలు చేసింది ఇంట్లో వంటగదిలోనే! 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని అస్టోరియాలో తొలి నకలు తీశారు. జిరాక్సు యంత్రమూ, లేజర్ ప్రింటరూ ఆ పద్ధతిలోంచి వచ్చినవే.

గేదె ధర ఒక్కటే కాదు, దాణా ఖర్చూ చూడాలి

ప్రింటరు చవగ్గా వచ్చిందని సంబరపడకండి. కార్ట్రిజ్ ధరని అది ఇచ్చే పేజీలతో భాగించండి. 800 రూపాయల కార్ట్రిజ్ 200 పేజీలిస్తే పేజీకి 4 రూపాయలు. 2,400 రూపాయల టోనరు 1,600 పేజీలిస్తే రూపాయిన్నరే. కంపెనీవారు చెప్పే లెక్క సాధారణంగా పేజీలో నూటికి 5 వంతులే అచ్చు పడితే వచ్చేది. నిండా రంగులుండే లేబులుకి ఆ లెక్క రాదు.

షాపులో మీ లేబులే ఒకటి వేయించి, ఆరాక తడి వేలితో, తర్వాత నెయ్యి వేలితో రుద్ది చూడండి. లేజర్‌కి లేజర్ స్టిక్కరు కాగితమే కొనండి. వేరేది పెడితే వేడికి జిగురు కరిగి లోపల అంటుకుంటుంది. సిరా, టోనరు అమలాపురంలో దొరుకుతాయా, బాగుచేసేవారు దగ్గరలో ఉన్నారా అని కూడా అడగండి.

తేమతో జాగ్రత్త

మన గాలిలో తేమ సంగతి పూతరేకులు చేసేవారికి వేరే చెప్పాలా! కాగితమూ అంతే. తేమ పీల్చితే వంకర తిరుగుతుంది, రెండేసి కలిసి లోపలికి పోయి ఇరుక్కుంటాయి. వానాకాలంలో అవసరమైనన్నే ట్రేలో పెట్టి, మిగతావి గాలి చొరని డబ్బాలో దాచండి. అంతర్వేది వైపు సముద్రపు ఉప్పుగాలికి తుప్పు కూడా తొందరగా పడుతుంది. పని అయ్యాక యంత్రం చల్లారనిచ్చి గుడ్డ కప్పండి.

కంప్యూటరుని పొయ్యికి దూరంగా ఉంచండి. పోపు జిడ్డు దుమ్ముతో కలిసి లోపలి ఫ్యానుకి పట్టేస్తుంది. మూడు నెలలకోసారి ప్లగ్గు తీసి, ఫ్యాను రెక్క తిరగకుండా పట్టుకుని దుమ్ము ఊదించండి. వెనక ఖాళీ కంతలుంటే రేకు బిళ్లలతో మూయించండి, బల్లులు దూరతాయి.

కరెంటు పోతే లెక్కలు పోకుండా యు.పి.ఎస్. పెట్టుకోండి. లేజర్ ప్రింటరుని మాత్రం దానికి తగిలించకండి. వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఉరుములు మొదలైతే ప్లగ్గుతోపాటు ఇంటర్నెట్ తీగ కూడా తీసెయ్యండి.

లెక్కల్ని రెండో చోట దాచండి

1986 ఆగస్టు గోదావరి వరదా, 1996 నవంబరు 6 తుఫానూ చూసినవాళ్లం. కంప్యూటరుని నేలమీద కాకుండా బల్లమీద ఉంచాలి. బంగారమంతా ఒకే పెట్టెలో పెట్టం కదా, లెక్కలూ అంతే. వారానికోసారి విడి డిస్కులోకి ఎక్కించి, తీసి, వేరే ఇంట్లో దాచండి. అది తెరుచుకుంటోందో లేదో నెలకోసారి చూడండి. జి.ఎస్.టి. లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి ఆరేళ్లు ఉంచాలి. వేడితో అచ్చయ్యే నున్నటి బిల్లులు కొన్నాళ్లకి వెలిసిపోతాయి, వాటికి జిరాక్సు తీసుకోండి.

మీ కంప్యూటరులో విండోస్ 10 ఉందా? దానికి కంపెనీవారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. లెక్కలూ, బ్యాంకు పనులూ అందులోనే చేస్తుంటే కొత్తదానికి మార్పించుకోండి.

చివరగా ఒక చిట్కా: టోనరు పొడి చీరమీద పడితే ముందు పొడిగా దులిపి, తర్వాత చన్నీళ్లతోనే ఉతకండి. వేడినీళ్లు పోశారో, మరక చీరకి అంటుకుపోతుంది సుమండీ!